తడిక అవతలి సున్నం

పల్నాడులోని ఒక సున్నపు బట్టీల ఊళ్లో కోటిలింగం అనే పనిమంతుడు ఉండేవాడు, కానీ పక్కవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట అతనికి అన్నం సయించేది కాదు.

పక్కవాడు నాసరయ్య. ఇద్దరి బట్టీలకూ కలిపి ఒకటే తాటాకు పాక, మధ్యలో తడిక. తడికకు అటువైపు నాసరయ్య కాల్చిన సున్నపురాళ్ల గోతాలు, ఇటువైపు కోటిలింగం రాబోయే బట్టీకి కూడబెట్టుకున్న ఎండుకట్టెలు ఉండేవి.

ఒకరోజు పొద్దున్నే మేస్త్రీ జానయ్య కొత్త బడి గోడలకు సున్నం కోసం వచ్చాడు. ఇద్దరి రాళ్లూ చూశాడు.

"నాసరయ్యా, నీ రాయి మల్లెపువ్వులా ఉంది. రేపు బండి పంపిస్తా. పొడి కానివ్వకు, రాయిగానే కావాలి" అన్నాడు.

కోటిలింగం ఇంటికెళ్లి చద్దన్నం కంచం తోసేశాడు.

"ఏమే, నా రాయి బొగ్గులా ఉందా?"

"నన్నడుగుతావేంటి? నేనేమన్నా మేస్త్రీనా?" అంది భార్య తిరుపతమ్మ.

మధ్యాహ్నం నాసరయ్య భోజనానికి వెళ్లగానే కోటిలింగం రెండు బిందెల నీళ్లు తెచ్చి తడిక మీదుగా గోతాలపై గుమ్మరించాడు. తడిస్తే రాయి పొడైపోతుంది, బేరం పోతుంది, అంతే కదా అనుకున్నాడు.

గోతాలు బుసకొట్టాయి. ఆవిరి లేచింది. కాసేపటికి గోనె కమిలి పొగ వచ్చింది. తడిక భగ్గుమంది, మంట ఇటువైపు కట్టెలకూ అంటుకుంది. కోటిలింగం కంగారుపడి ఇంకో బిందె తెచ్చి పోశాడు. రాళ్లు మరింత ఉడికాయి.

నాసరయ్య ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చాడు.

"నీళ్లు పొయ్యకు! మట్టి పొయ్యి, మట్టి!"

మంట ఆరేసరికి పాక పైకప్పు కాలిపోయింది, నాసరయ్య గోతాల్లో సగం పాడయ్యాయి. కోటిలింగం కట్టెలు ఒక్కటీ మిగల్లేదు.

"నీళ్లగుంటలో రాళ్లు వేసి ఎన్నిసార్లు సున్నం చల్లార్చాం! ఎప్పుడూ అంటుకోలేదే" అని కోటిలింగం గొణిగాడు.

"బట్టీలో మనం పెట్టిన వేడి కొంత రాయిలోనే దాగి ఉంటుంది. నీళ్లు తగిలితే బయటికొస్తుంది. గుంటలో అయితే నిండా నీళ్లుంటాయి, ఆ వేడిని అవే లాక్కుంటాయి. గోతాంలో కాసిని నీళ్లు పడితే ఆ వేడి ఎక్కడికి పోతుంది? గోనెనే కాలుస్తుంది."

అంటూనే నాసరయ్య అక్కడ దొర్లుతున్న బిందెలు చూశాడు. మొదట నీళ్లు పోసిందెవరో అర్థమైంది.

"ఒక్క మాట అడిగితే సగం బండి నీ రాయే వేసేవాణ్ణి కదరా."

కోటిలింగం ఆ బిందెలు ఏరుకుని ఇంటిదారి పట్టాడు.

నాసరయ్య మళ్లీ బట్టీ కాల్చేదాకా మేస్త్రీ ఆగాడు. కట్టెలు లేక కోటిలింగం బట్టీ ఆ వేసవంతా వెలగలేదు.

నీతి: పక్కవాడి మంచిని ఓర్వలేక చెడగొట్టబోయేవాడు ముందు తన బతుకుతెరువునే చెడగొట్టుకుంటాడు.