పసిదాని దగ్గరికి పాలు రాకుండా కాపలా

నేనింతవరకు ఒక్క ముక్క కూడా రాసినదాన్ని కాను. నలుగురిలో నోరు విప్పి చెప్పమన్నా సిగ్గుపడి వంటింట్లోకి పోయేదాన్ని. కానీ మా ఇంట్లో పిల్లలు ఈ కథ చెప్పించుకుని చెప్పించుకుని నవ్వుతుంటే, పోనీ కాగితం మీద పెడదామని కూర్చున్నాను. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

బొబ్బరపాడులో దేముడమ్మ ఇల్లంటే మామూలు ఇల్లు కాదు. ఊరందరికీ పంచగా మిగిలిన తెలివంతా దేవుడు తమ ఇంట్లోనే కుమ్మరించాడని ఆ ఇంటివాళ్ళ నమ్మకం. ఓసారి దేముడమ్మ మొగుడు గవర్రాజు బస్సెక్కితే, "మీ ఊరు వచ్చినప్పుడు దిగుదువుగాని, కూర్చో" అన్నాడు కండక్టరు. అంతే, గవర్రాజు కూర్చున్నాడు. బస్సు డిపోలోకి పోయి లైట్లు ఆర్పేసినా లేవలేదు. మర్నాడు ఇంటికొచ్చి, "నేను సీట్లోంచి కదిలితే ఒట్టు. ఊరే రాలేదు" అన్నాడు. తప్పు ఊరిదేనని ఇంటిల్లిపాదీ తేల్చేశారు.

అలాంటి ఇంట్లో కొడుకు అప్పలకొండకీ కోడలు పావనికీ తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. తల్లికి పాలు పుష్కలంగా ఉన్నాయి. అయినా దేముడమ్మ మనసు ఒప్పుకోలేదు.

"పెరట్లో ఈనిన ఆవుని పెట్టుకుని మనవరాలికి చుక్క పొయ్యకపోతే బుల్లెమ్మ ఏమనుకుంటుంది?" అంది. బుల్లెమ్మంటే ఆవు.

అంతే, పూటకో ఉగ్గుగిన్నెడు ఆవుపాలు పసిదాని గొంతులోకి.

ఇంకేముంది. పసిది మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఒకటే ఏడుపు. తాగింది తాగినట్టు కక్కడం. బుగ్గల నిండా ఎర్రటి దద్దుర్లు. ఓ పొద్దున విరేచనం గుడ్డలో నెత్తుటి జీర కనపడేసరికి పావని గుండె జారిపోయింది. దేముడమ్మకి అన్నం సహించలేదు. ఆ గుప్పెడు ప్రాణం మెలికలు తిరుగుతుంటే ఆవిడ చూడలేకపోయింది. పిల్లని చంకనేసుకుని పక్క ఊళ్ళో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

గుమ్మంలో కాంపౌండరు ఆపాడు. "తల్లి వచ్చిందా? తల్లి లేకుండా పిల్లని చూడరు" అన్నాడు. అతను ఎవరినైనా ముందడిగేది అదే మాట. దేముడమ్మ మళ్ళీ ఇంటికొచ్చి, పిల్లని ఇంట్లో పడుకోబెట్టి, పావనిని తీసుకెళ్ళింది. "పిల్లేది?" అన్నాడు కాంపౌండరు. "నువ్వు తల్లినడిగావు కదా బాబూ" అంది దేముడమ్మ. మూడో తిరుగుడుకి ఇద్దరూ కుదిరారు.

డాక్టరమ్మ పసిదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కొందరు పసివాళ్ళ ఒంటికి ఆవుపాలు విరోధం మామ్మగారూ. తల్లిపాలు చాలు. ఇక మీద ఆవుపాలు పాప దగ్గరికి రానివ్వకండి" అంది.

ఇంటికి రాగానే దేముడమ్మ కాపలా పెట్టింది. గవర్రాజు కర్ర పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. పాలకుండ పశువుల పాకలో ఉంది. ఆయన దానివంకే గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"కదిలిందా?" అని వంటింట్లోంచి దేముడమ్మ.

"నేనుండగా కదులుద్దా. ఓసారి మూత ఊగింది. కర్ర చూపించాను, ఊరుకుంది."

"మంచి పని చేశావు. నువ్వక్కడే ఉండు" అని దేముడమ్మ మనవరాలిని ఎత్తుకుని, మొగుణ్ణి దాటుకుని, పాకలోకి పోయి, కుండ పక్కన కూర్చుని ఉగ్గుగిన్నెతో పాలు పట్టింది.

పసిది మళ్ళీ కక్కింది. మళ్ళీ ఏడుపు, మళ్ళీ దద్దుర్లు. మళ్ళీ డాక్టరమ్మ.

"ఆవుపాలు పట్టారా?"

"అయ్యో, పాలు దాని దగ్గరికి రాలేదమ్మా. ఇదే పాల దగ్గరికి వెళ్ళింది."

డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళినా సరే, ఆవుపాలు మాత్రం వద్దు" అంది.

సరే, ఇంట్లో పంచాయితీ. "ఆవు ఉంటేనే కదా ఆవుపాలు. అమ్మేద్దామా?" అన్నాడు అప్పలకొండ.

"బుల్లెమ్మనా? ముందు నిన్ను అమ్ముతాను" అంది దేముడమ్మ.

"పోనీ ఆవు కాకుండా చేసేద్దామే అమ్మా" అన్నాడు కొడుకు. ఆ ఇంటి రక్తం ఎక్కడికి పోతుంది. పొయ్యి మసి అంతా గోకి, ఆముదం కలిపి, కొమ్ముల దగ్గర్నుంచి తోక దాకా బుల్లెమ్మకి పట్టించేశాడు. పక్కింటి మంగ గోడమీంచి తొంగిచూసి, "ఏం వదినా, గేదెని ఎప్పుడు కొన్నారు?" అంది.

"విన్నారా, ఊరు కూడా ఒప్పుకుంది" అంది దేముడమ్మ.

బుల్లెమ్మ అంబా అంది.

"అదేంటి, ఆవులాగే అరుస్తుందీ?" అన్నాడు గవర్రాజు.

"కొత్త కదయ్యా. నేర్చుకుంటుందిలే."

అంతే, ఆ గేదెపాలు పట్టారు. ఈసారి పసిది ఏడవడానిక్కూడా ఓపిక లేక మూలిగింది. పావని పిల్లని గుండెకి కరుచుకుని డాక్టరమ్మ ముందు కూలబడిపోయింది. దేముడమ్మ చేతులకి ఇంకా మసి.

డాక్టరమ్మ తూకం చూసి మొహం గంటు పెట్టుకుంది. "పిల్ల బరువు పెరగడం లేదు. ఇంకోసారి ఇలా చేస్తే పెద్దాసుపత్రిలో పడుకోబెట్టాల్సొస్తుంది. ఆవుపాలు వద్దు, గేదెపాలు వద్దు, మేకపాలు వద్దు, నన్నడక్కుండా డబ్బాపాలూ వద్దు. తల్లిపాలొక్కటే. పావనీ, నువ్వు కూడా నేను చెప్పేదాకా పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి మానెయ్యి. నువ్వు తిన్నది నీ పాలల్లోంచి పాపకి పోతుంది" అంది.

దేముడమ్మ దారంతా కళ్ళొత్తుకుంటూనే ఉంది. ఇల్లు చేరేసరికి మాత్రం డాక్టరమ్మ మాట ఆవిడ బుర్రలో వెలిగింది. తల్లి తిన్నది పిల్లకి పోతుందట. ఇక తల్లి నోటి దగ్గరే కాపలా.

ఆ పూట పావని జంతిక తీసుకుంది. దేముడమ్మ లాగేసుకుంది.

"పళ్ళు లేని పిల్లకి జంతికలు పంపుతావటే? గొంతుకి అడ్డం పడదూ?"

"నిజమే అత్తా, నాకు తట్టనేలేదు" అని పావని లెంపలేసుకుంది. అప్పట్నుంచీ మెత్తగా పిసికిన పప్పన్నమే. ముద్ద మింగే ముందు, "మెల్లగా తింటాను, దానికి పొలమారుతుందేమో" అనేది. గవర్రాజు పాలకుండ మీంచి కర్ర తీసి కోడలి కంచం వైపు పట్టుకున్నాడు. పెరుగు అటుగా వస్తే అదిలించేవాడు. పసిదానికి ఎక్కిళ్ళొస్తే పావనికి నీళ్ళు తాగించారు. పసిది నిద్రపోకపోతే పావనిని మంచం మీద పడుకోబెట్టి జోకొట్టారు. పావని హాయిగా గురక పెట్టేది. పెరుగంతా అప్పలకొండ తినేవాడు. "నేను తిన్నది ఎవరికీ పోదు కదా" అని.

ఏం చెప్పమంటారు. ఆవుపాల చుక్క ఎటునుంచీ లోపలికి పోలేదు. కొన్నాళ్ళకి కక్కడం ఆగింది. దద్దుర్లు ఆరిపోయాయి. మోకాళ్ళు చాపుకుని నిద్రపోయింది పసిది. ఓ రోజు దేముడమ్మ మొహంలోకి చూసి బోసినోటితో నవ్వింది. దేముడమ్మ పెరట్లోకి పోయి బుల్లెమ్మ మెడ పట్టుకుని ఏడ్చింది. చెంపంతా మసి అయింది.

డాక్టరమ్మ తూకం చూసి మొదటిసారి నవ్వింది. "బాగా చూసుకున్నారు మామ్మగారూ. మీ ఇంట్లో ఆవుపాలు తాగే పసివాళ్ళు ఇంకెవరైనా ఉంటే, వాళ్ళనీ ఓసారి తెచ్చి చూపించండి" అంది.

"ఎవరూ లేరమ్మా" అంది దేముడమ్మ గర్వంగా.

ఆ సాయంత్రం పెరట్లో ఊడుస్తూ తలెత్తి చూస్తే, దూడ బుల్లెమ్మ పొదుగులో మూతి పెట్టి చప్పరిస్తోంది. దేముడమ్మ చేతిలో చీపురు జారిపోయింది.

"ఏవయ్యా, ఇది పుట్టిన దగ్గర్నుంచీ ఆవుపాలే తాగుతోంది. మనం చూసుకోనేలేదు" అంది.

"తల్లిపాలు మంచివే అందిగా డాక్టరమ్మ" అన్నాడు గవర్రాజు.

"తల్లే. కానీ ఆ తల్లి ఆవు కదయ్యా."

ఇంత చిక్కు ఆ ఇంట్లో ఎప్పుడూ పడలేదు. ఎంత తెలివున్నా తెగలేదు.

మర్నాడు పొద్దున్నే దేముడమ్మ దూడకి నీళ్ళు పోసి, నుదుటన దిష్టిచుక్క పెట్టి, మనవరాలి ఉన్నిటోపీ తొడిగి, ఒళ్ళో పెట్టుకుని డాక్టరమ్మగారి బెంచీ మీద వరసలో కూర్చుంది. కాంపౌండరు వచ్చాడు. టోపీ కింద మొహం చూశాడు. టోపీ ఎత్తి మరోసారి చూశాడు. తర్వాత అలవాటు కొద్దీ, "తల్లి వచ్చిందా?" అన్నాడు.

"ఈసారి మర్చిపోలేదు బాబూ" అంది దేముడమ్మ. "గేటుకి కట్టేశాం."