లంక చుట్టూ తిప్పిన తాతబ్బాయి

అనగా అనగా, గోదారి ఇంకా తన దారి తాను వెతుక్కుంటున్న కాలంలో, ఒక లంక ఉండేది. లంకంటే నది మధ్య లేచిన దిబ్బ. అక్కడ గంగులు కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టెక్కితే ఉడతే! ఒకసారి చెట్టు మీంచి పడి, నడుం నొప్పికని నల్లమందు వేసుకున్నాడు. నొప్పి పోయింది, మందు పోలేదు. సగం చెట్టులో చేతులు వణికేవి, కళ్లు మూతలు పడేవి.

భార్య బుల్లెమ్మ, గెడకర్రతో పడవ నడిపే తాతబ్బాయి దగ్గర ఏడ్చింది. "మందు దొరికేది అవతలి ఒడ్డునే. ఈయన్ని ఎక్కించుకోకు బాబాయ్. ఇంకోసారి పడితే నాకు మిగలడు."

"రేవుకొచ్చినవాణ్ణి కాదనకూడదమ్మా, అది మా కట్టుబాటు. కాదంటే ఈదుకుంటూ పోతాడు. ఎక్కించుకుంటాను. తిన్నగా తీసుకెళ్తానని ఎవరికీ మాటివ్వలేదుగా!"

మర్నాడు గంగులు వచ్చాడు. "బాబాయ్, నాలుక పీకేస్తోంది. తొందరగా పోనీ."

"పోదాం. లంక చుట్టూ ఒక్క చుట్టు తిరిగి పోదాం. ఈలోగా చెప్పు, ఇవాళ ఈ పీకుడు ఎప్పుడు మొదలైంది?"

"నీకెందుకు? గెడ వెయ్యి!"

చుట్టు తిరిగారు. గంగులు అవతలి ఒడ్డున దిగి మందు వేసుకున్నాడు. తాతబ్బాయి తిట్టలేదు. ఒడ్డున కాచుకుని, వెనక్కి తెచ్చి దింపి, "రేపూ ఇక్కడే ఉంటాను" అన్నాడు.

రెండోసారీ ఒక్క చుట్టే. గంగులు గొణుగుతూ చెప్పాడు, "పడ్డ చెట్టు కనబడితే భయం బాబాయ్. వెంటనే మందు గుర్తొస్తుంది." ఒళ్లంతా చెమట. "చచ్చిపోతానేమో!"

"చావవురా. గోదారిలో ఎంత లేచిన పోటు నీరైనా వెనక్కి తియ్యాల్సిందే. ఇదిగో, గెడ పట్టు."

చుట్టు ముగిసేసరికి పీకుడు తగ్గింది. గంగులు ఇంటికెళ్లి అన్నం తిన్నాడు.

ఇరవై రోజులు బాగున్నాడు. జాతరనాడు ఎవరో తెచ్చిన మందు వేసుకుని మళ్లీ తప్పాడు. సిగ్గుతో రేవుకి రాలేదు. తాతబ్బాయే ఇంటికెళ్లాడు. "పడవ కారితే తగలబెడతామా? ఎక్కడ కారిందో చూసి కట్టుకుంటాం. రా."

మూడోసారి బుల్లెమ్మనీ ఎక్కించాడు. "నువ్వు తిట్టకు. వాడు దాచడు. అంతే బేరం."

గంగులు అన్నీ చెప్పాడు. బుల్లెమ్మ కళ్లు తుడుచుకుంది. "చెట్టంటే భయమని ఒక్క ముక్క అన్నావా? నేనే ఎక్కేదాన్ని కదా, మొద్దూ!"

ముగ్గురూ నవ్వారు. పడవ ఊగింది.

ముందు పొట్టి చెట్లు, తర్వాత పొడుగు చెట్లు, చివరికి పడ్డ చెట్టు. కింద బుల్లెమ్మ కబుర్లు చెబుతూ నిలబడితే, గంగులు ఒక్కొక్కటే ఎక్కాడు.

తాతబ్బాయి పోయి ఎన్ని తరాలైందో లెక్క తెలీదు. కానీ ఆ లంకలో ఎవరికి మందు మీద మనసు లాగినా, ఇప్పటికీ ఎవరో ఒకరు "ఒక్క చుట్టు తిరిగొద్దాం రా" అంటారు. ఏటా ఆయన పోయిన రోజున ఊరంతా పడవలెక్కి లంక చుట్టూ తిరుగుతుంది. ముందు పడవ గెడ పట్టేది కొత్తగా మానినవాడే. ఎన్నాళ్లు మానాలని నియమం లేదు. నిన్న మానినా సరే, గెడ చేతికిస్తారు.