ఏరు ఎత్తుకుపోయిన కొలకర్ర

అనగనగా, ఏటి కట్ట కింద ఒక పట్నం. కట్టకు ఒక పెద్ద తూము తలుపు. అది నిలిస్తే పట్నం ఉంటుంది, విరిగితే ఉండదు.

ఒక వానాకాలం వరద పోటుకు తలుపు వణికింది. మూల నుంచి ఎదురు మూలకు రెండు దూలాలు ఐమూలగా బిగించాలి. మూలల్లో ఇనుప గూళ్లున్నాయి. దూలం పొట్టిదైతే గూట్లో నిలవదు, పొడుగైతే దూరదు. ఉన్నదేమో ఒకే టేకు మాను.

వడ్రంగి లింగాచారి చేతికి దొరికిన వెదురుకర్ర పుచ్చుకుని తలుపు మీదికి దిగాడు. మొదటి ఐమూల కొలత మూడు కర్రలు, పైన తన చేత్తో రెండు మూరలు. రెండోది కొలుస్తూ రెండు కర్రలు అయ్యేసరికి, ఏరు కర్రను లాక్కుపోయింది. మిగతాది చేత్తోనే కొలిచాడు. ఆరు మూరలు. అతను గట్టెక్కేసరికి తలుపు సగం మునిగింది. ఇక దిగే దారి లేదు.

"ఎంత?" అన్నాడు రాజుతోపాటు కట్ట మీద నిలబడ్డ మంత్రి.

"ఒకటి మూడు కర్రలు, రెండు మూరలు. ఇంకోటి రెండు కర్రలు, ఆరు మూరలు. కర్ర ఎన్ని మూరలో చూసుకోలేదయ్యా."

బెల్లం వర్తకుడు సోమిశెట్టి కొట్టు కట్ట కిందే ఉంది. "ఏదో ఒక లెక్క చెప్పవయ్యా ఆచారీ. నా బెల్లం పానకమయ్యేలా ఉంది."

"ఏదో ఒకటి చెబితే మీ బెల్లంతోపాటు ఊరూ పోతుంది శెట్టిగారూ. మూడు కర్రలు, రెండు మూరలు. రెండు కర్రలు, ఆరు మూరలు."

రాజు కత్తి మీద చెయ్యి వేశాడు. "పన్నెండు మూరలకు కోయిస్తాను. కాదంటావా?"

"కాదనలేను, అవుననలేను ప్రభూ. నాకు తెలిసింది అంతే." మళ్లీ ఆ కొలతలే చెప్పాడు.

మూడోసారి విన్నాక సోమిశెట్టి తలెత్తాడు. "ఆచారీ, తలుపు మూలలు సరిగ్గా ఉన్నాయా?"

"నేను చేసిన తలుపండీ అది. నాలుగు మూలలూ మూలమట్టానికి అతుక్కుంటాయి."

"అయితే ఐమూల కొలతలు రెండూ సమానమే కదా. తక్కెడలో వేద్దాం. ఒక్కో కొలత ఒక్కో పళ్లెంలో పెట్టు. రెండింట్లోంచీ రెండేసి కర్రలు తీసెయ్. ముల్లు కదలదు."

"ఇటు ఒక కర్ర, రెండు మూరలు. అటు ఆరు మూరలు."

"రెండేసి మూరలు కూడా తియ్యి."

ఆచారి మొహం విప్పారింది. "కర్ర నాలుగు మూరలు. మూడు కర్రలు పన్నెండు, పైన రెండు. పద్నాలుగు."

"రెండోది?" అన్నాడు రాజు.

"రెండు కర్రలు ఎనిమిది, పైన ఆరు. అదీ పద్నాలుగే ప్రభూ."

రంపం ఆడింది. తాళ్లతో దించిన దూలాలు గూళ్లలో కూర్చున్నాయి. తలుపు వణకడం మానింది. కట్ట మీద జనం ఊపిరి పీల్చుకున్నారు.

రాజు తడి రాళ్ల మీదే కూలబడ్డాడు. "పన్నెండుకు కోయించేసేవాణ్ణి," అన్నాడు మెల్లిగా.

సోమిశెట్టి కరగని బెల్లం తెచ్చి అందరి చేతుల్లో పెట్టాడు. ఆచారికి పెద్ద ముక్కే ఇచ్చాడు. "ఈసారి కర్రను మొలకు కట్టుకోవయ్యా," అన్నాడు.

తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని, తెలిసినదాన్ని ఉన్నదున్నట్టు చెబితే, తెలియనిది కూడా తెలిసే దారి దొరుకుతుంది.