గవరయ్య తాత చెప్పని కేక

అనగనగా ఒక అడవిలో, కొండకీ ఏటికీ నడుమ ఒక పచ్చిక బయలు ఉండేది. బయలు మధ్యన ఎత్తైన మద్దిచెట్టు. ఆ చెట్టు చిటారు కొమ్మన గవరయ్య అనే ముసలి కొండముచ్చు కావలి కాసేవాడు. కింద దుప్పులు మేసేవి. పులి జాడ కనబడగానే గవరయ్య కేక పెట్టేవాడు. దుప్పులు పరుగు తీసేవి.

ఆ కేకలకొక పద్ధతి ఉంది, పిల్లలూ. పులి ఏటి వైపు నుంచి వస్తే ఒక్క పొడుగు కేక. అప్పుడు దుప్పులు కొండ వైపు పారిపోవాలి. పులి కొండ వైపు నుంచి వస్తే రెండు పొట్టి కేకలు. అప్పుడు ఏటి వైపు పారిపోవాలి.

పద్నాలుగేళ్ళు అలా కాశాడు గవరయ్య. ఇప్పుడు ఎండలోకి చూస్తే కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. చెట్టెక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. కాసేపు కునుకు తీద్దామన్నా, గడ్డి కదిలినట్టు కలొచ్చి ఉలిక్కిపడి లేస్తున్నాడు.

"ఇంక నా వల్ల కాదు, చుక్కమ్మా! ఇంకెవరినైనా చూసుకోండి," అన్నాడు ఒకనాడు దుప్పుల పెద్దతో.

ఆ ఎండాకాలమే కొండ అవతల నుంచి కొన్ని కొండముచ్చులు వలస వచ్చాయి. వాటిలో తుంగ అనే పడుచుపిల్ల ఉంది. చురుకైనది. చూపు మంచిది. "నేను కాస్తాను," అని తనే ముందుకొచ్చింది. చుక్కమ్మ సరేనంది.

మొదటి రోజు తుంగ చెట్టెక్కబోతూ అడిగింది. "తాతా, దేన్ని చూడాలి? ఎలా అరవాలి?"

గవరయ్య అడుగు కొమ్మన చేరగిలబడి ఉన్నాడు. "కళ్ళున్నాయిగా, చూడు. గొంతుందిగా, కేకెయ్యి."

"అది కాదు తాతా, ఒక్క రోజు నా పక్కన కూర్చుంటే..."

"నాకెవరు కూర్చున్నారే అమ్మాయ్? నా అంతట నేనే నేర్చుకున్నాను. నువ్వూ నేర్చుకుంటావు. వెళ్ళు."

తుంగ తలొంచుకుని పైకెళ్ళిపోయింది. కేకల పద్ధతి ఈ పిల్లకి తెలియదే అని గవరయ్యకి తోచకపోలేదు. కానీ చెప్పాలంటే పైదాకా ఎక్కాలి. చేత్తో చూపించాలి. చెప్పిందే పదిసార్లు చెప్పాలి. 'రేపు చెబుదాంలే' అనుకుని కళ్ళు మూసుకున్నాడు. తాత చెప్పే ఉంటాడులే అని దుప్పులు అనుకున్నాయి.

మూడో రోజు గడ్డి బాగా ఊగింది. తుంగ గొంతు చించుకుని అరిచింది. దుప్పులన్నీ పరుగు తీశాయి. తీరా చూస్తే అది గాలి.

"గాలికి గడ్డంతా కలిసి వంగుతుంది. పులి నడిస్తే ఒక్కచోటే చీలుతుంది. ఆమాత్రం తెలీదూ?" అని గవరయ్య గొణుక్కున్నాడు. గొణుక్కున్నాడే గాని పైకి అనలేదు.

వారం తిరక్కుండా గడ్డి ఒక్కచోట చీలింది. తుంగ మళ్ళీ అరిచింది. ఈసారి అడవిపంది. పరుగెత్తి పరుగెత్తి అలిసిన దుప్పులు తిరిగొచ్చి ఆమె వైపు కోపంగా చూశాయి. తుంగ ఆ రోజు ఏమీ తినలేదు. గవరయ్య అదీ చూశాడు. 'నేనూ ఇలాగే పస్తులున్నాను' అనుకున్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.

మూడోసారి వచ్చింది నిజంగా పులే. కొండ వైపు నుంచి, పొట్ట నేలకి ఆనించి వస్తోంది. తుంగ దాన్ని అందరికన్నా ముందే చూసింది. ఊపిరంతా బిగబట్టి ఒక్క పొడుగు కేక పెట్టింది.

ఒక్క పొడుగు కేక! అంటే పులి ఏటి వైపు ఉందని కదా? దుప్పులన్నీ కొండ వైపే పరుగెత్తాయి. పులికి ఎదురుగా పరుగెత్తాయి.

గవరయ్య దిగ్గున లేచి రెండు పొట్టి కేకలు పెట్టాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. మందంతా వెనక్కి మళ్ళింది గాని, చుక్కమ్మ కూతురు మాత్రం మళ్ళలేకపోయింది.

సాయంత్రం తుంగ చెట్టు దిగి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "నేను పులిని చూశాను తాతా. అరిచాను కూడా. అయినా ఎందుకిలా అయింది? ఈ పని నాకు రాదు. మా వాళ్ళ దగ్గరికి పోతాను."

గవరయ్యకి తను కావలికి ఎక్కిన మొదటి ఏడాది గుర్తొచ్చింది. ఆ ఏడాది రెండు దుప్పులు పోయాయి. తన సొంత తమ్ముడు పోయాడు. నా అంతట నేనే నేర్చుకున్నానని ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్నాడు. ఎవరి ప్రాణాలతో నేర్చుకున్నాడో మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు.

"ఇక్కడే ఉండు," అని తుంగతో చెప్పి చుక్కమ్మ దగ్గరికి నడిచాడు.

"తప్పు ఆ పిల్లది కాదు. కేకల పద్ధతి నేను చెప్పలేదు. తెలిసీ చెప్పలేదు," అన్నాడు.

చుక్కమ్మ కళ్ళెత్తలేదు. "నా బిడ్డ రాదు కదా, గవరయ్యా," అంది.

"రాదు."

"మరి ఇప్పుడొచ్చి ఎందుకు చెబుతున్నావు?"

"మిగతా పిల్లలున్నారు కదమ్మా," అన్నాడు గవరయ్య.

మర్నాడు పొద్దున్నే గవరయ్య మద్దిచెట్టెక్కాడు. మూడుచోట్ల ఆగి మోకాళ్ళు నిమురుకున్నాడు. తుంగ పక్కన కూర్చుని వేలు చాపి చూపించాడు. గడ్డినొక్కదాన్నే చూడకూడదు, నెమళ్ళు ఎటు తల తిప్పాయో చూడాలి. పులి కనబడగానే అరవకూడదు, ఎటు నుంచి వస్తోందో ఒక్క క్షణం చూసి, ఆ వైపుకి తగ్గ కేకే పెట్టాలి. తుంగ అడిగిందే అడిగేది. అతను చెప్పిందే చెప్పేవాడు. కొన్నాళ్ళు విసుక్కున్నాడు. కొన్నాళ్ళు వానలో తడుస్తూ, దగ్గుతూ చెప్పాడు. నేర్పడం కావలి కన్నా కష్టమనిపించింది. అయినా దిగలేదు.

వానలు వెళ్ళాయి. చలి వచ్చి పోయింది. మళ్ళీ ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం గవరయ్య నేల మీద కూర్చుని రాలిన తునికి పళ్ళు ఏరుకు తింటున్నాడు. అతనికి ఏమీ కనబడలేదు. ఏమీ వినబడలేదు. ఉన్నట్టుండి పైనుంచి రెండు పొట్టి కేకలు.

గవరయ్య ఆలోచించలేదు. పళ్ళు వదిలేసి దుప్పులతో కలిసి ఏటి వైపు పరుగెత్తాడు. ఒడ్డునున్న చెట్టెక్కి, రొప్పుతూ వెనక్కి చూశాడు. ఇందాక తను కూర్చున్న చోట పులి నిలబడి ఉంది. జన్మలో మొదటిసారి, ఇంకొకరి కేక విని అతను బతికాడు.

పులి వెళ్ళిపోయాక తుంగ దిగి వచ్చింది. దుప్పులన్నీ క్షేమమే. చుక్కమ్మ ఆమె దగ్గరికి వచ్చి ఒక్క క్షణం నిలబడి వెళ్ళింది.

"తాతా, కాస్త ఆలస్యంగా అరిచానా?" అడిగింది తుంగ.

గవరయ్య ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. "కాస్త. అది మోదుగ పొద దాటక ముందే అరవాల్సింది. రేపు పొద్దున చూపిస్తాను, పద."

నీతి: పనిలోకి కొత్తగా వచ్చినవారికి మొదట్లోనే పక్కన కూర్చుని నేర్పాలి. నేను పడ్డ పాట్లు వాళ్ళూ పడనీ అని ఊరుకుంటే, నష్టపోయేది వాళ్ళొక్కరే కాదు.