ఎలుగుబంటి లాగుడు కొలత

ఇప్పపూలు రాలే రోజులొచ్చాయంటే కొంకివాగు అడవిలో ఎవరికీ బంధుత్వాలు గుర్తుండవు. తోపు ఒక్కటే, తినే నోళ్ళు నలభై. అందుకని ఏటేటా ఒక పందెం పెట్టి, గెలిచినవాడిని తోపుకి కాపలా పెడతారు. కాపలాదారు ఇంటిల్లిపాదీ కడుపునిండా తిన్నాకే మిగతావాళ్ళు తోపులో అడుగుపెట్టాలి. ఐదేళ్ళుగా ఆ కాపలా ఎలుగుబంటి గుబురయ్యది. పందెం ఏదని అడిగితే, ఐదేళ్ళుగా చెట్టు ఊపడమే.

ఈ ఏడు నక్క నాజూకయ్య కొత్త పందెం మోసుకొచ్చాడు. వాగు అవతల పోటీలకొచ్చిన పట్నం వాళ్ళు ఒక కాంపౌండ్ విల్లు, దాంతో నాలుగు బాణాలు మర్చిపోయి వెళ్ళారు. విల్లు రెండు కొనలకీ చక్రాలున్నాయి.

"ఇంకెన్నాళ్ళు ఊపుతావు బావా? చెట్లకే విసుగొచ్చింది" అన్నాడు నాజూకయ్య నలుగురిలో. "ముప్పై అడుగుల్లో ఒక వెలగకాయ వేలాడదీద్దాం. ఒక్కొక్కరికి ఒక్క బాణం. కొట్టినవాడిదే తోపు."

అందరూ సరేనన్నారు. గుబురయ్య కూడా అన్నాడు. కాదంటే భయపడ్డాడంటారని అన్నాడు. ఇంటికెళ్ళి చెబితే భార్య నల్లమ్మ అరవలేదు, ముగ్గురు పిల్లల్నీ వరసగా నిలబెట్టి చూపించింది.

"తోపు పోతే ఈ వేసవంతా వీళ్ళకి చీమలే. నువ్వే చెప్పు వీళ్ళకి."

గుబురయ్య విల్లు దగ్గరికి పోయాడు.

ఆ విల్లుకొక గుణం ఉంది. నారి లాగుతుంటే మొదట చేతులు ఊడొచ్చేంత బరువుంటుంది. కొసదాకా లాగితే చక్రాలు తిరిగి బరువు ఒక్కసారిగా దిగిపోతుంది, అప్పుడు హాయిగా గురి చూసుకోవచ్చు. ఆ కొస ఎక్కడ రావాలో చక్రం మీద అంగుళాల్లో అంకెలున్నాయి. ఎవరి చేతుల పొడవుకి తగ్గట్టు వాళ్ళు దాన్ని మార్చుకోవాలి. మార్చే ఇనుప చీల ఉడుత చిట్టెమ్మ దగ్గరుంది. చక్రం సందులో దూరే చేతులు అడవి మొత్తానికి ఆవిడవే. ఆవిడ పెట్టిన నియమాలు రెండు. ఎవరి కొలత ఎంతో ఆవిడ బయట చెప్పదు. పందెం రోజున మాత్రం ఎవరి కొలత వాళ్ళే అందరిముందూ మూడుసార్లు గట్టిగా చెప్పాలి, చెప్పాక మార్చేది లేదు.

"పందెం రోజున ఒక్కొక్కరికి ఒక్కసారే తిప్పుతాను. నా మణికట్టు మీ తాతలిచ్చింది కాదు" అంది చిట్టెమ్మ.

నాజూకయ్యకి ఇది చాలు. కొలత ఎంత పెద్దదైతే జంతువు అంత గొప్పదని పొద్దున కుందేలుతో అన్నాడు. మధ్యాహ్నానికి అడవంతా అంకెలే. పొద్దున్నే ఎదురుపడితే తిన్నావా అని అడగడం మానేసి, ఎంత లాగుతావని అడగడం మొదలుపెట్టారు. కుందేలు ఇరవై నాలుగంది. తాబేలు ఇరవయ్యేడంది. పెద్దావిడ కదా అని ఎవరూ కాదనలేదు.

"కొండముచ్చు దండయ్యది ముప్పై అంగుళాలు" అన్నాడు నాజూకయ్య, గుబురయ్య చెవిలో. "ఆయన నడుం నీ తొడంత లేదు. నీది అంతకంటే తగ్గితే బయట తిరగగలవా బావా?"

దండయ్యది నిజంగానే ముప్పై. ఆయన నిలబడితే చేతులు మోకాళ్ళు దాటతాయి. గుబురయ్య ఆ సంగతి ఆలోచించలేదు. నేరుగా చిట్టెమ్మ దగ్గరికెళ్ళి "ముప్పై పెట్టు" అన్నాడు. చిట్టెమ్మ ఆయన చేతులకేసి చూసింది, ముప్పై పెట్టింది.

వారం రోజులు గుబురయ్య సాధన చూడ్డానికి జనం తిండి మానుకుని వచ్చారు. ముప్పై దాకా నారి రావాలంటే ఆయన వెనక్కి వాలేవాడు, కుడి మోచెయ్యి వీపు వెనక్కి పోయేది, నారి చెవిదాకా వచ్చేది, దాన్ని చూడ్డానికి మెడ తిప్పేవాడు. అప్పటికి వెలగకాయ ఎక్కడుందో మర్చిపోయేవాడు. వదలగానే నారి ఎడమ ముంజేతిని ఫటీమని కొట్టేది. మొదటి బాణం పుట్టలో దిగింది. రెండోది ఒక ముంగిస ఇంటి గుమ్మంలో దిగింది, ఆ ముంగిస ఇల్లు మారింది. వారం తిరిగేసరికి ముంజేతి మీద బొచ్చు పోయి చారలు తేలాయి.

"బ్రహ్మాండం బావా! చప్పుడు చూడు, పిడుగు పడ్డట్టుంది!" అనేవాడు నాజూకయ్య. తను మాత్రం ఎండ నెత్తికెక్కే వేళ, అందరూ కునుకు తీస్తున్నప్పుడు, తుమ్మపొదల వెనక సాధన చేసేవాడు. ఆయన కొలత పద్దెనిమిది. పదిసార్లకి ఎనిమిదిసార్లు కాయ పగిలేది.

ఆ పొదల పక్కనే వాగు. వాగులో కొంగ తెల్లక్క. పొద్దున ఒంటికాలి మీద నిలబడితే సాయంత్రానికి గానీ రెండో కాలు దింపదు. ఆవిడ చూడనిది ఏదీ లేదు, కదలదు కాబట్టి ఎవరూ ఆవిడని చూడరు. పందెం రెండు రోజులుందనగా గుబురయ్య చెయ్యి వాగులో ముంచుకోవడానికి వచ్చాడు.

"మంటగా ఉందా తమ్ముడూ?"

"దోమ కుట్టింది అక్కా."

"దోమ వరసగా గీతలు గీసిందే. చేతులు రెండూ పక్కలకి చాపు. రొమ్ము విరుచుకోకు, మామూలుగా చాపు."

ఆవిడ ఒక తీగ తెంపి, ఈ కొస వేళ్ళనుంచి ఆ కొస వేళ్ళదాకా కొలిచింది. "అరవై అయిదు. దీన్ని రెండున్నరతో భాగిస్తే నీ కొలత ఇరవయ్యారు."

గుబురయ్య చుట్టూ చూశాడు. "మెల్లగా అక్కా! ఇరవయ్యారా? తాబేలే ఇరవయ్యేడు!"

"తాబేలు ఎప్పుడైనా ఆ విల్లు ముట్టుకుందా?"

గుబురయ్య పోయి విల్లూ బాణం తెచ్చి, ఒక వెలగకాయ కొమ్మకి కట్టాడు. చిట్టెమ్మని పిలిపించి, ఇరవయ్యారు పెట్టించి, తెల్లక్క చెప్పినట్టు నిలబడ్డాడు. పక్కకి తిరిగి, కాళ్ళు భుజాలంత ఎడంగా.

"నడుం నిటారుగా పెట్టు, వెనక్కి వాలడానికి అక్కడేం గోడ లేదు. ఎడమ మోచెయ్యి బిగించకు, కాస్త సడలించు. విల్లుని పిసకకు, కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో. ఆ, ఇప్పుడు లాగు. నీ చెయ్యి దవడ మూల ఆనాలి. నారి ముక్కుకొసని తాకాలి. తలని నారి దగ్గరికి తీసుకెళ్ళకు, నారే నీ దగ్గరికొస్తుంది."

లాగాడు. చక్రాలు తిరిగాయి. బరువు దిగిపోయింది. వారం రోజుల్లో మొదటిసారి గుబురయ్యకి కాయ కనబడింది. వదిలాడు. ముంజేతికి ఏమీ తగల్లేదు. కాయకి తగిలింది.

"బాగుంది కదా" అంది తెల్లక్క.

"బాగానే ఉంది అక్కా. కానీ పందెం రోజున అందరిముందూ చెప్పాలిగా, మూడుసార్లు."

"అది నేను నేర్పలేను. నాది ఒంటికాలి చదువు" అని తెల్లక్క చేప వైపు తిరిగింది.

పందెం నాడు అడవి అడవంతా వచ్చింది. దండయ్య కొమ్మకి వెలగకాయ కట్టి, తీర్పరిగా పక్కన కూర్చున్నాడు. అంకెలు అందరూ చెప్పుకున్నా బరిలో దిగింది ఇద్దరే, గుబురయ్య, నాజూకయ్య. ముందు వంతు పాత కాపలాదారుది.

"గుబురయ్యన్నా, ఎంత?" అని అడిగింది చిట్టెమ్మ.

గుబురయ్య నోరు తెరిచాడు. ముప్పై అన్న మాట నాలుక మీదికి దానంతటదే వచ్చి కూర్చుంది. జనం అదే వినాలని మెడలు చాచారు. ఆయన చూపు నల్లమ్మ మీదికి పోయింది. ఆవిడ ముగ్గురు పిల్లల్నీ మళ్ళీ వరసగా నిలబెట్టింది.

"ఇరవయ్యారు" అన్నాడు.

"వినబడలేదు. ఇంకా రెండుసార్లు."

"ఇరవయ్యారు! ఇరవయ్యారు!"

ముందు తాబేలు నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నాజూకయ్య నవ్వాడు. ముప్పైతో అయితే బాణం ఎటు పోతుందో ఆయనకి తెలుసు. ఇరవయ్యారు అనేసరికి తోపు చెయ్యిజారేలా ఉందని తోచింది, దాన్ని కప్పడానికి నవ్వు పెంచాడు.

"ఇరవయ్యారా! పిల్లల విల్లు! మా మేనత్త మనవలు పాలు మానకముందు లాగేవాళ్ళు అది! ఇరవై ఎనిమిదికి తక్కువ లాగేవాణ్ణి మా ఇంట్లో అన్నానికి పిలవరు!"

గుబురయ్య చెవులు కాలిపోయాయి. అయినా పక్కకి తిరిగాడు, నడుం నిలిపాడు, మోచెయ్యి సడలించాడు. చెయ్యి దవడకి ఆనింది. నవ్వులు ఇంకా ఆగకముందే కాయ రెండు చెక్కలై గుజ్జు దండయ్య మీసం మీద పడింది.

దండయ్య మీసం తుడుచుకుని ఇంకో కాయ కట్టాడు. "నక్క కూడా కొడితే మళ్ళీ పోటీ. రావయ్యా."

నాజూకయ్య వచ్చి చిట్టెమ్మ చెవి దగ్గర వంగి ఏదో గొణిగాడు.

"గట్టిగా బావా. మూడుసార్లు" అంది చిట్టెమ్మ, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

నాజూకయ్య గొంతు సవరించుకున్నాడు. ఆ గొణుగుడు ఎందుకో పోల్చుకున్న గుబురయ్య అప్పుడు చాలా మర్యాదగా కల్పించుకున్నాడు.

"ఆయన్ని ఇబ్బంది పెట్టకు చెల్లీ. ఆయన లాగేది ఎంతో ఆయనే ఇప్పుడు చెప్పాడుగా. ఇరవై ఎనిమిదికి తక్కువైతే వాళ్ళింట్లో అన్నం పెట్టరట. ఏం బావా, పోనీ పిల్లల విల్లే పెట్టించమంటావా?"

నలభై మంది నాజూకయ్యకేసి చూశారు. ఆయన మేనత్త కూడా వచ్చి ఉంది. ఆవిడ కూడా చూసింది.

"ఇరవై ఎనిమిది" అన్నాడు నాజూకయ్య. మిగతా రెండుసార్లూ అంతకంటే సన్నగా అన్నాడు.

చిట్టెమ్మ తిప్పింది. నాజూకయ్య లాగాడు. పద్దెనిమిది దాకా వచ్చింది, పంతొమ్మిది వచ్చింది, ఇరవై దగ్గర చేతులు అయిపోయాయి. విల్లు మాత్రం ఇంకా ఎనిమిది అంగుళాలు రమ్మంటోంది. చక్రాలు తిరగలేదు, బరువు దిగలేదు. వెనక్కి వాలాడు, మెడ చాచాడు, ఒక కాలు ఎత్తాడు.

"ఒంటికాలు నాది" అంది తెల్లక్క.

కాళ్ళు వణికాయి, తోక వణికింది, విల్లు వణికింది. నారి జారిపోయింది. పోతూ పోతూ ఆయన కుడిచెవిని ఫటీమనిపించింది. బాణం నాలుగడుగులు పోయి, అలిసిపోయినట్టు నేలమీద పడుకుంది.

"తోపు గుబురయ్యది" అన్నాడు దండయ్య.

నల్లమ్మ అప్పటికే పిల్లల్ని తీసుకుని తోపులోకి వెళ్ళిపోయింది, మొగుడికోసం ఆగలేదు. నాజూకయ్య ఇప్పటికీ తోపు బయట గట్టుమీద వంతుకోసం కూర్చుని, వాచిన చెవిని పక్కకి తిప్పుకుని, ఈ అడవిలో ఇరవై ఎనిమిది పెట్టించుకున్నవాడు తానొక్కడేనని దారినపోయేవాళ్ళకి చెబుతూ ఉంటాడు. మేనత్త మాత్రం ఆ దారిన రావడం మానేసింది.

నీతి: తన చేతి పొడవెంతో నలుగురిలో ఒప్పుకున్నవాడి బాణమే కాయకి తగులుతుంది.