బాలింత ఎక్కిన రైలు

ఒక రాజు తన నగరం అడుగున నాలుగు సొరంగాలు తవ్వించి, వాటిల్లో రైళ్ళు నడిపించాడు. నేల మీద బళ్ళూ మనుషులూ ఒకరినొకరు రాసుకుంటూ పోయే ఆ ఊరికి అది పెద్ద ఉపకారమే. కాదన్నవాళ్ళు లేరు.

చిక్కల్లా ఒక్కటే. నేల కింద సూర్యుడు లేడు. తూర్పేదో పడమరేదో తెలియదు. కొండ గుర్తు పెట్టుకుందామంటే కొండ లేదు, మూలమీద టీ బడ్డీ గుర్తు పెట్టుకుందామంటే బడ్డీ లేదు. నాలుగు రైళ్ళదీ ఒకే పొడవు, ఒకే కూత. అందుకని రాజు ఒక్కో దారికి ఒక్కో రంగు వేయించి, ఒక్కో మంత్రికి అప్పగించాడు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రానివాడు కూడా రంగు చూసి ఎక్కుతాడు, రంగు చూసి దిగుతాడు అని ఆయన ఆలోచన. మంచి ఆలోచనే, మంత్రుల చేతిలో పడేదాకా.

ఆకుపచ్చ రైలు ఆస్పత్రి మీదుగా పోతుంది కాబట్టి ఎప్పుడూ కిటకిటలాడేది. అది చూసి పసుపు మంత్రికి కడుపు మండింది. జనానికి ఆకుపచ్చంటే మోజు కాబోలనుకుని తన రైలుకీ ఆకుపచ్చే వేయించాడు. నీలం మంత్రి వెనకబడతాడా? ఆయనా అదే పని చేశాడు. అసలు ఆకుపచ్చ మంత్రికి చిర్రెత్తుకొచ్చి, ఈ గుంపులో నేనెందుకని తన రైలుకి ఎరుపు పులిమించాడు. గోడల మీది బోర్డులు మాత్రం పాత రంగుల్లోనే ఉండిపోయాయి. బోర్డులు వేరే శాఖవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక బాలింతకి ఆ రైలుతో పని పడింది.

ఆమెకి నెలలు నిండకుండా కొడుకు పుట్టాడు. పిడికెడంత ఉన్నాడు. ఆస్పత్రివాళ్ళు వాణ్ణి గాజు పెట్టెలో పెట్టి, ముక్కులో గొట్టం వేసి పాలు పోశారు. మంచాలు చాలక తల్లిని ఇంటికి పంపేశారు. ఆమె రోజూ అన్నగారి బండి మీద వచ్చి, అద్దం బయట నిలబడి చూసుకుని పోయేది. అన్నగారు పని మీద ఊరెళ్ళబోయే ముందు రోజునే నర్సు కబురు చెప్పింది.

"రేపు పెట్టెలోంచి తీస్తామమ్మా. మధ్యాహ్నం వాడికి ఆకలేసే వేళకి నువ్వు ఇక్కడుండాలి. రొమ్ము పట్టి చప్పరించాడా, గట్టెక్కినట్టే. నువ్వు రాకపోతే మళ్ళీ గొట్టమే. గొట్టానికి అలవాటు పడితే వాడు చప్పరించడమే నేర్చుకోడు."

ఇంకేముంది, ఆ రాత్రి ఆమెకి కంటి మీద కునుకు లేదు. పొద్దున్నే చెవుల్లో దూది పెట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, గోడలు పట్టుకుంటూ మెట్లు దిగి నేల కిందికి వచ్చింది. అక్కడ అటూ ఇటూ ఆకుపచ్చ రైళ్ళే కనిపించాయి.

ఖాకీ చొక్కా కాపలాదారు ఒకడు స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. "అన్నా, ఆస్పత్రికి ఏ రైలు?" అని అడిగింది.

"ఆకుపచ్చ."

"అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి కదన్నా."

"అసలు ఆకుపచ్చ ఎక్కమ్మా. అది ఎర్రగా ఉంటుంది." అతను కాస్త ఆలోచించి, "ఎర్రవి రెండొస్తాయి. వాటిల్లో ఒకటి నిజంగానే ఎరుపు. అది మాత్రం ఎక్కకు," అన్నాడు.

"చూస్తే ఎలా తెలుస్తుందన్నా?"

"చూస్తే తెలీదు," అన్నాడతను జాలిగా. అతని తప్పు మాత్రం ఏముంది పాపం.

ఎర్ర రైలొకటి వచ్చి ఆగింది. ఆమె రంగు సంగతి వదిలేసి లోపలి మనుషుల మొహాలు చూసింది. కిటికీ పక్కన గొడుగు పట్టుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. ఎండా వానా లేని చోటికి గొడుగు తెచ్చుకున్నంత ముందుచూపున్న మనిషి దారి తెలియకుండా బయల్దేరడని ఆమెకి నమ్మకం కుదిరింది. ఎక్కి ఆయన ఎదురుగా కూర్చుంది.

"తాతా, ఇది ఆస్పత్రికేనా?"

"అక్కడికే తల్లీ," అన్నాడాయన ధీమాగా.

రైలు కదిలింది. స్టేషన్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, పోయాయి. ఒక బోర్డు నీలం, ఒక బోర్డు పసుపు. దేని మీదా ఆస్పత్రి పేరు లేదు. మధ్యాహ్నం అవుతున్నట్టు గడియారం అక్కర్లేకుండానే ఆమెకి తెలుస్తోంది. రొమ్ములు బరువెక్కి రాళ్ళలా గట్టిపడుతున్నాయి.

"తాతా, నిజంగా ఇది ఆస్పత్రికేనా?"

ఈసారి ముసలాయన గొడుగు అటూ ఇటూ తిప్పాడు. "నిజం చెప్పాలంటే నేను దిగిపోదామని లేవబోయానమ్మా. ఇంతలో నువ్వెక్కావు. తలకి గుడ్డ కట్టుకున్న బాలింత ఎక్కిందంటే ఇదే ఆస్పత్రి రైలై ఉంటుందని ఉండిపోయాను."

ఆ వెనక సీటాయన ఉలిక్కిపడి, "నేను మీ గొడుగు చూసి ఎక్కాను కదండీ!" అన్నాడు. ఆయన్ని చూసి ఎక్కినామె ఇంకో పక్కన ఉంది. పెట్టె పెట్టెంతా ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎక్కిన జనమే. ఆమెకి నవ్వు రాలేదు. గొట్టం మళ్ళీ ముక్కులోకి దిగుతున్న పసిమొహం కళ్ళ ముందు కదిలింది.

అప్పుడు రైలు ఎక్కడో ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి. పైనుంచి, మెట్ల మీదుగా, చెవుల్లో దూదిని దాటుకుని ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆకలి ఏడుపు. ఆమె ఇంకా ఆలోచించనే లేదు, పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. నా బిడ్డే అనుకుంది. బోర్డు చూడకుండా దిగి, మెట్లన్నీ ఒక్క ఊపిరిన ఎక్కేసింది.

పైన ఆస్పత్రి లేదు. పూల మార్కెట్టు ఉంది. రెండు గుంజల మధ్య కట్టిన చీర ఉయ్యాల్లో ఒక ఆడపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పక్కన ఒక ముసలామె పూల మీద నీళ్ళు చల్లడం మానేసి ఉయ్యాల ఊపుతోంది.

"పెద్దమ్మా, ఆస్పత్రి ఎటు?"

"ఇక్కడెక్కడమ్మా! ఊరికి ఆ చివర." ముసలామె ఆమె తడిసిన రవిక చూసింది. అడగడానికి నోరు రాక ఉయ్యాల వైపు తిరిగింది. "దీని తల్లి తెల్లారగట్ల పూలు తేవడానికి తోటకి పోయింది. ఈ పాటికి రావాలి. ఏ రంగు ఎక్కిందో ఏమో."

బాలింత అడుగు ముందుకేసింది. ఆగింది. ఈ పాలు ఇంకొకడివి. వాడి కోసం రాత్రంతా మేలుకున్న పాలు. ఇక్కడ ఇచ్చేస్తే అక్కడ వాడికేం మిగులుతుంది? ఉయ్యాల్లో పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు మాత్రం తెరుస్తోంది.

ఆమె పూలబుట్టల మధ్య కూలబడి పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. ఎడమ వైపు ఇచ్చింది. పిల్ల కళ్ళు మూసుకుని, గుప్పిళ్ళు విప్పి, కడుపునిండా తాగింది. కుడివైపు మాత్రం పైట బిగించి కట్టేసుకుంది. అది తనవాడిది.

"మళ్ళీ ఆ కిందికి దిగకు తల్లీ," అంది ముసలామె కళ్ళు తుడుచుకుంటూ. "పైనుంచే పో. ఎండ వీపున పడేట్టు పో."

పచ్చి బాలింత ఎంత నడవగలదో అంతా నడిచింది. ఆస్పత్రి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. గుమ్మంలోనే నర్సు బిడ్డని ఎత్తుకుని ఎదురైంది. బాలింత ముందు బిడ్డ ముక్కు వైపు చూసింది. ముక్కులో గొట్టం లేదు.

"తాగాడమ్మా!" అంది నర్సు. "రొమ్ము పట్టి, చప్పరించి మరీ తాగాడు. ఇదిగో, పడుకున్నాడు."

"ఎవరిచ్చారు?"

నర్సు తలొంచుకుంది. "వేళ దాటిపోయింది. వీడు గుక్కపట్టాడు. ఎవరో ఆవిడ, పూలబుట్టతో, దారి తప్పి ఇటు వచ్చింది. ఏడుపు వినబడగానే ఆవిడ రవిక తడిసిపోయింది. పేరు అడిగే తీరిక నాకూ లేదు, చెప్పే తీరిక ఆవిడకీ లేదు. కుడి వైపే ఇచ్చింది. రెండోది తన పిల్లకని పైట బిగించుకుని పోయింది."

ఆమె గోడకి ఆనుకుని ఏడ్చింది. తన కొడుకు మొదటి గుక్క ఎవరి సొత్తో అయిపోయిందని ఏడ్చింది. ఆ మనిషి కనిపిస్తే కాళ్ళకి దణ్ణం పెట్టాలనీ ఏడ్చింది. ఏ ఏడుపు ఎక్కడ ఆగిందో ఆమెకే తెలియదు. పసివాడి పొత్తిగుడ్డల్లో మల్లెల వాసన వేస్తోంది.

ఇది జరిగిన వారంలోనే రాజు స్వయంగా రైలెక్కాడు. మామగారింటికని బయల్దేరి పశువుల సంతలో తేలాడు. మర్నాటికల్లా రంగులు కుదురుకున్నాయి. ఆకుపచ్చ ఆకుపచ్చే, ఎరుపు ఎరుపే. బోర్డులు కడిగినట్టు మెరిశాయి. కళ్ళున్నవాడెవడూ ఇక దారి తప్పడానికి వీల్లేదు.

ఆ మధ్యాహ్నం పాలిచ్చే వేళకి బాలింత మళ్ళీ నేల కిందికి దిగింది. ఎడమ చేతి వైపు ఎరుపు, పూల మార్కెట్టు. కుడి చేతి వైపు ఆకుపచ్చ, ఆస్పత్రి. పెద్ద పెద్ద అక్షరాలు. అవతలి వైపు పూలబుట్ట పెట్టుకున్న ఒకామె కూడా అలాగే నిలబడి బోర్డులు చూస్తోంది. రెండు రైళ్ళూ వచ్చాయి, ఎక్కేవాళ్ళు ఎక్కారు, వెళ్ళిపోయాయి. ఆ ఇద్దరూ కదల్లేదు.

గొడుగు ముసలాయన అటుగా వచ్చి ఆమెని గుర్తుపట్టాడు.

"ఇంకా నిలబడ్డావేం తల్లీ? ఇప్పుడు రంగులన్నీ సరిగ్గానే ఉన్నాయిగా."

"రంగులు తెలుస్తున్నాయి తాతా," అందామె. "నా బిడ్డ ఎటు ఉందో తెలియడం లేదు."