బూరెల మూకుడు

కనకవల్లమ్మగారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆవిడ నోటితో జవాబు చెప్పరు. రామాలయం మంటపంలో మధ్యాహ్నం పూట ఆవిడ చెప్పే పురాణానికి వెళ్లే ఆడవాళ్లందరికీ ఇది అలవాటైన సంగతే. కోపం తగ్గే దారేదమ్మగారూ అని ఒకావిడ అడిగితే, చిక్కుపడిన దారపుండ తెచ్చి ఒళ్లో పడేసి, "దేవుడికి దండ కట్టాలి, ఇది కాస్త విప్పిపెట్టు" అన్నారట. ఆవిడ విప్పిందో తెంపిందో ఎవరూ చెప్పరు గానీ, ఆ ప్రశ్న మాత్రం మళ్లీ అడగలేదు. అందుకే మంటపంలో చాలామంది వినడమే తప్ప అడగరు. అడిగితే ఏం పని పురమాయిస్తారో అని భయం.

హైమవతి కూడా అడిగే మనిషి కాదు. అసలు పురాణం సగంలో స్తంభానికి ఆనుకుని కునుకు తీసే మనిషి. ఇంటి చాకిరీలో ఆ గంటే ఆవిడకి నడుం వాల్చే అదను. ఆ రోజు మాత్రం నిద్ర పట్టలేదు. పిల్లల ఆటపాటలు చూసి తల్లులు ఒళ్లు మరిచిపోయే ఘట్టం అమ్మగారు చదువుతున్నారు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. హైమవతికి ఏడుపు రాలేదు సరికదా, ఒళ్లు మండింది. పుస్తకం మూసి అమ్మగారు అద్దాలు తీసేలోగా నోరు జారనే జారింది.

"అమ్మగారూ, పండగ పూట పిల్లల ముచ్చట చూసుకోవడం కంటే భాగ్యం లేదంటారు. నేను పండగకి చెయ్యని చాకిరీ లేదు. ఆ భాగ్యం నాకెందుకు దక్కలేదండీ? నాకు దక్కింది నడుంనొప్పే. నేనేమైనా రాతిమనిషినా?"

అమ్మగారు అద్దాలు పైట కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, హైమవతిని ఎగాదిగా చూశారు. "దీపావళి సాయంత్రం మీ ఇంటికి వస్తాను" అన్నారు. అంతే. లేచి వెళ్లిపోయారు.

ఎవరింటికీ వెళ్లని మనిషి, ఎవరింట్లోనూ మంచినీళ్లైనా ముట్టని మనిషి, తనింటికి వస్తానంటే ఎవరైనా పొంగిపోతారు. హైమవతి మాత్రం వేళ్లమీద పనులు లెక్కపెట్టుకుంది. పండగనాడు ఆడపడుచు కుటుంబం ఎలాగూ దిగుతుంది. వీధిలో ఇంటింటికీ పళ్లేలు పంపాలి. ముట్టినా ముట్టకపోయినా ఇప్పుడు అమ్మగారికి మడివంట కూడానా! "అడక్కుండా ఉన్నా బాగుండేది, నా నోరు పడిపోను" అని దారంతా తనని తనే తిట్టుకుంటూ వెళ్లింది.

ఆ ఇంట్లో దీపావళి అంటే ముందు బూరెలు, ఆ తరవాతే టపాకాయలు. అత్తగారు రాజ్యమ్మగారికి బూరె మీద పట్టింపు. పైన తోపుపిండి పల్చగా ఉండాలి, లోపలి పూర్ణం బయటికి రాకూడదు, రంగు పండిన నిమ్మకాయ దాటి ఒక్క ఆవగింజంత కూడా ముదరకూడదు. పూర్ణం ఒక్కటి పగిలి నూనెలో పడిందా, ఆ మూకుడంతా మాడువాసనే. కాబట్టి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి కళ్లు తిప్పడానికి లేదు. అదీగాక రాజ్యమ్మగారి లెక్కలో బూరెలు దీపాలవేళకే వేడివేడిగా దిగాలి. పొద్దున్నే చేసి పెడితే ఏం పోయిందని కొత్తల్లో హైమవతి అడిగింది. చల్లారిన బూరె తిని ఈ ఇంట్లో ఎవరూ ఎరగరని జవాబొచ్చింది. మళ్లీ అడగలేదు.

సరిగ్గా ఆ దీపాలవేళే పిల్లలు దివిటీలు కొడతారు. గోగుకర్రల చివర నూనెలో తడిపిన గుడ్డవత్తులు కట్టి, వెలిగించి, పాట పాడుతూ వాకిట్లో నేలకేసి కొట్టడం ఆ వైపు ఆచారం. కొట్టాక కర్రలు ఓ మూల పడేసి, కాళ్లు కడుక్కుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంట్లోకి వచ్చెయ్యాలి. తీపి నోట్లో పడేదాకా తల తిప్పకూడదు. తిప్పితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు, తెలీదు కాబట్టే ఏ పిల్లా తిప్పదు. కూతురు మంజరి ఊహ తెలిసినప్పటి నుంచీ కొట్టింది. పెద్దదాన్నయ్యానని రెండేళ్ల కిందట మానేసింది. ఆ పిల్ల కొట్టిన ఒక్క దివిటీ హైమవతి చూడలేదు. చూసిందల్లా భర్త సత్యమూర్తి ఫోనులో తీసి, అందరూ పడుకునే ముందు తెచ్చి చూపించే వీడియో. అందులో పిల్లల వీపులే కనిపించేవి. "ఇటు తిరగండర్రా" అని సత్యమూర్తి గొంతు వినిపించేది. ఆఖర్న పిల్లలు ఇంట్లోకి పరిగెత్తేవారు, వీడియో అక్కడితో అయిపోయేది. ఫోను పట్టుకోవడమే పండగపని అనుకునే మనిషి ఆయన. చెడ్డవాడు కాదు, చూసుకున్నంత చూసుకున్నాడు.

ఇంక మిగిలింది కొడుకు భాను. పండగనాటి పొద్దున్న వాడు వంటింటి గుమ్మంలో కూర్చుని గోగుకర్రలకి వత్తులు కట్టుకుంటూ, "అమ్మా, ఈసారైనా చూస్తావా?" అన్నాడు.

"చూస్తాలేరా."

"ప్రతిసారీ అంతే అంటావు. వచ్చే ఏడు నేను కొట్టను. మా క్లాసులో ఎవరూ కొట్టట్లేదు, నవ్వుతున్నారు."

హైమవతి చేతిలోని పూర్ణం ఉండ చేతిలోనే ఆగిపోయింది. ఇదే ఆఖరు. ఆ తరవాత ఈ ఇంట్లో దివిటీ పట్టే చెయ్యి లేదు. ఈ ఒక్కసారి తప్పిపోతే తను పిల్లల్ని కన్నదీ పెంచిందీ పండగలు చేసిందీ అంతా ఫోనులో వీపులు చూడ్డానికే అన్నమాట. అప్పుడే అత్తగారు, "పిండి పలచనవుతోందేమో చూసుకో" అని లోపల్నుంచి కేక పెట్టారు. చూసుకుంది.

పొద్దువాలేసరికి హైమవతి మనిషిలా లేదు. తెల్లవారకముందు తలంట్లతో మొదలైన పని ఎక్కడా తెగలేదు. మడిమలు పగిలి సలుపుతున్నాయి. లక్ష్మీదేవికి నైవేద్యం అయింది, ఆడపడుచు వచ్చింది, ముందుగదిలో నవ్వులు వినిపిస్తున్నాయి. రెండో వాయి మూకుట్లో పడేవేళకి కనకవల్లమ్మగారు తిన్నగా వంటింట్లోకి వచ్చారు. కాళ్లూ చేతులూ కడుక్కుని, కొంగు నడుముకి దోపి, హైమవతి చేతిలోని చిల్లుల గరిటె అందుకున్నారు.

"ఇంక నువ్వు వాకిట్లోకి వెళ్లు."

రాజ్యమ్మగారు లబోదిబోమన్నారు. "అయ్యయ్యో, మీరు పొయ్యి దగ్గరేమిటమ్మగారూ! నలుగురూ వింటే నా మొహాన ఉమ్మేస్తారు. అదీగాక మా బూరె ఒక పట్టాన లొంగేది కాదండీ."

"లొంగకపోతే బతిమాలుకుంటానులెండి. వెళ్లు హైమా."

హైమవతి వెళ్లింది. పిండిచేతులు చీరకి తుడుచుకుంటూ, ఎవరి ఇంటికో వచ్చినట్టు బెరుగ్గా వాకిట్లో అడుగుపెట్టింది. ఎక్కడ నిలబడాలో కూడా తెలీలేదు. ఇన్నేళ్లలో ఆ వేళప్పుడు ఆ వాకిట్లో తనకంటూ ఒక చోటు ఉంటే కదా! గేటు పక్కన స్కూటరుంది, దాని వెనక చీకట్లో నిలబడింది. ఫోను సర్దుకునే హడావిడిలో సత్యమూర్తి గమనించలేదు. భాను వత్తులు వెలిగించాడు. రెండు మంటలు పైకి లేచాయి. పాట అందుకుని వాడు నేలకేసి కొడుతుంటే నిప్పురవ్వలు చుట్టూ రాలాయి.

హైమవతి చూసింది. కళ్లప్పగించి చూసింది. ఆ ఆనందం ఇప్పుడొస్తుంది, ఇదిగో వస్తోంది అని కాసుక్కూర్చున్నట్టు చూసింది. మనసు మాత్రం మూకుడు దగ్గరే ఉంది. మంట తగ్గించారో లేదో, పిండి పట్టిందో లేదో, పూర్ణం పగిలితే అత్తగారు ఏమంటారో. నడుం నొప్పి నడుం నొప్పిలాగే ఉంది. ఇంతేనా అనిపించింది. ఇంతకేనా ఇన్నేళ్లు కొట్టుకులాడాను అనిపించి, ఏడుపు కూడా రానంత నీరసం వచ్చింది.

"ఇటు తిరగరా భానూ! మళ్లీ వీపే పెట్టావు" అని సత్యమూర్తి విసుక్కున్నాడు. వాడు తిరగలేదు. వీడు ఎప్పుడూ అటే ఎందుకు నిలబడతాడు అని హైమవతి వాడి చూపు వెంట చూసింది. వాడికి ఎదురుగా ఉన్నది వంటింటి కిటికీ. దివిటీ కొట్టినప్పుడల్లా వాడు కిటికీ వైపు తలెత్తి చూస్తున్నాడు. కొట్టడం, చూడడం. కిటికీలో బల్బు వెలుతురు, ఆవిరి, మూకుడు మీదికి వంగిన ఒక తల నీడ. అక్కడున్నది తనే అనుకుంటున్నాడు వెర్రి సన్నాసి.

వీడియోల్లో ఆ వీపులన్నీ హైమవతి కళ్లముందుకి వచ్చాయి. మంజరి వీపు కూడా. అదీ అటే తిరిగి ఉండేది.

"భానూ, నేనిక్కడున్నాన్రా" అనబోయి నోరు నొక్కుకుంది. వాడు అప్పటికే కర్రలు గేటు మూల పడేసి, కాళ్ల మీద నీళ్లు పోసుకుంటున్నాడు. పిలిస్తే వెనక్కి తిరుగుతాడు. తిరగకూడదు. పక్కనుంచే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, తలైనా తిప్పకుండా ఇంట్లోకి పరిగెత్తాడు. ఫోను ఆగిపోయింది. సత్యమూర్తి చిచ్చుబుడ్ల సంచీ వెతుక్కుంటూ వెళ్లాడు. హైమవతి కొడుకు వెనకాలే, వాడి తడి అడుగులు తొక్కుకుంటూ నడిచింది. వీడియో అయిపోయాక ఏమవుతుందో ఆవిడ బయటి నుంచి ఎప్పుడూ చూడలేదు.

భాను వంటింటి గుమ్మంలో ఆగిపోయి ఉన్నాడు. పొయ్యి దగ్గర కనకవల్లమ్మగారు బూరె ముక్క పట్టుకుని చెయ్యి చాచారు. వాడు నోరు తెరవలేదు.

"అమ్మేదీ?"

"ఇదిగో, ముందు ఇది తిను నాయనా."

"ఊఁహూఁ. అమ్మ పెట్టాలి. ఎప్పుడూ అమ్మే పెడుతుంది." వాడి గొంతులో కంగారు. వెనక్కి తిరిగి వెతుకుదామంటే తిరక్కూడదాయె. కాళ్లు టపటపా కొట్టుకుంటూ, మెడ బిగబట్టి, కళ్లు మాత్రం వంటిల్లంతా తిప్పుతున్నాడు. "అమ్మా! అమ్మా, ఎక్కడున్నావ్?"

హైమవతి వాడి పక్కనుంచి దూరి ముందుకి వచ్చింది. అమ్మగారి చేతిలోని బూరె ముక్క అందుకుని వాడి మొహంలోకి చూసింది. ముక్కు మీద మసి. ఒక కనుబొమ్మ కొస కమిలింది. కళ్లలో ఇంకా ఆ దివిటీల వెలుగే ఉంది. అమ్మ కనబడేసరికి ఆ మొహం విచ్చుకుంది. ఈ మొహం ఏటేటా ఇదే గుమ్మంలోకి ఇలాగే వచ్చింది. మంజరి మొహమూ వచ్చింది. తను ఒక చేత్తో మూకుట్లో బూరెలు తిప్పుతూ, రెండో చేత్తో వెనక్కి చూడకుండానే ఇంత ముక్క నోటికందించి, "ఊఁ, కానియ్, పక్కకి జరుగు, నూనె చిందుతుంది" అనేది. వాకిట్లో ఉందనుకున్న భాగ్యం ప్రతి ఏడూ తన వెనకే వచ్చి నిలబడి నోరు తెరిచింది.

ముక్క నోట్లో పెట్టింది. వాడు నములుతూనే, "చూశావా?" అన్నాడు.

"చూశాన్రా. చూశాను."

అక్కడే నేలమీద కూలబడి వాడిని దగ్గరికి లాక్కుంది. పన్నెండేళ్లవాడు కనక కాసేపు గింజుకున్నాడు, తరవాత ఊరుకున్నాడు. నడుం నొప్పి పోలేదు. మడిమల సలుపూ పోలేదు. అలసట ఎక్కడిదక్కడే ఉంది. అయినా ఆ అలసటలోనే హైమవతికి చెప్పలేనంత సంతోషం కలిగింది, దాని పక్కనే మంజరి తాలూకు దుఃఖమూ కలిగింది. గుమ్మం దగ్గరికి వచ్చి వింతగా చూస్తున్న కూతుర్ని కూడా చెయ్యి పట్టి కూర్చోబెట్టుకుంది. "ఏమైందమ్మా నీకు?" అని అది నవ్వింది.

అప్పుడు గుప్పుమంది వాసన.

రాజ్యమ్మగారు పరుగున వచ్చారు. మూకుడంతా నల్లగా ఉంది. పూర్ణం పగిలి, నూనె నురగలు కక్కుతోంది. వాయి వాయంతా బొగ్గు. "హవ్వ హవ్వ! పండగ పూట ఎంత పని జరిగిందీ! మా హైమ కాపరానికి వచ్చినప్పటి నుంచీ ఈ ఇంట్లో ఒక్క వాయి మాడలేదమ్మగారూ, ఒక్కటంటే ఒక్కటి!"

కనకవల్లమ్మగారు పొయ్యి కట్టేశారు. ఆవిడ మొహంలో తప్పు చేసిన జాడేమీ లేదు. గరిటె గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, నేలమీద పిల్లల మధ్య కూర్చున్న హైమవతి వైపు ఒక్కసారి చూశారు.

"పిల్లవాడు గుమ్మంలోకి వచ్చాడు, తలెత్తాను" అన్నారు. "తలెత్తితే మాడతాయమ్మా."